స్కేలింగ్ అయ్యాక మాస్క్ తీయాలంటేనే భయం: ఒక డెంటల్ అసిస్టెంట్ సందేహాలు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. కరోనా కేసులు పెరిగాక మా క్లినిక్‌లో ఎన్95, ఫేస్ షీల్డ్, గౌను అన్నీ ఇస్తున్నారు. అయినా ఇంటికి వెళ్లాలంటే టెన్షన్, మా అత్తగారికి ఆస్తమా. ఎన్95 కింద సర్జికల్ మాస్క్ వేసుకుంటే ఇంకా మంచిదా? శానిటైజర్ కొట్టి అదే మాస్క్ మళ్లీ వాడొచ్చా? స్కేలింగ్ (పళ్ల మీది గార తీయడం) అవగానే కుర్చీ తుడిచి ఇంకో పేషెంట్‌ని పిలవమంటున్నారు, సరేనా? పైగా రోజూ తలనొప్పి, ముక్కు మీద పుండు, నిద్ర లేదు.

జవాబు (సీనియర్ అసిస్టెంట్):
చెల్లీ, మొదటి రెండూ వద్దు. ఎన్95 అంచులు ముఖానికి అతుక్కుంటేనే పని చేస్తుంది. కింద ఇంకో మాస్క్ ఉంటే ఆ సందుల్లోంచి గాలి దూరుతుంది. ఇక శానిటైజర్ అంటావా, సన్నటి కణాల్ని పట్టేది మాస్క్ పొరల్లో ఉన్న స్థిర విద్యుత్తు. ఆల్కహాల్ తగిలితే అది పోతుంది. చూడ్డానికి మాత్రం మాస్క్ కొత్తదానిలాగే ఉంటుంది, అదీ మోసం.

పెట్టుకున్న ప్రతిసారీ రెండు చేతులూ మాస్క్ మీద ఆనించి గట్టిగా ఊదు. కళ్లవైపు గాలి తగిలితే సరిగ్గా కూర్చోలేదన్నమాట.

నన్నడిగితే ప్రమాదమంతా విప్పేటప్పుడే. తొడుక్కునేటప్పుడు ఎంతో జాగ్రత్త పడతాం, పనయ్యాక ఊపిరాడితే చాలని పీకేస్తాం. మొదట్లో నేనూ అంతే, గ్లౌజులతోనే మాస్క్ లాగేసేదాన్ని. ముందు గ్లౌజులు తీసి చేతులు శుభ్రం చేసుకో. తర్వాత షీల్డ్‌ని వెనక పట్టీ పట్టుకుని తియ్యి, గౌనుని లోపలివైపు బయటికి వచ్చేలా చుట్టెయ్యి. గది బయటికొచ్చి తలుపు మూశాకే మాస్క్. ముందు కింది పట్టీ, ఆ తర్వాత పైది. ముందుభాగం ముట్టుకోకు. మళ్లీ చేతులు కడుక్కో.

ఇంకోటి, భోజనాల గది. పేషెంట్ దగ్గర ఇంత కవచం వేసుకుని, ఆ ఇరుకు గదిలో నలుగురం మాస్కులు తీసి ఎదురెదురుగా కూర్చుంటాం! మా దగ్గర వరసగా ముగ్గురికి అలాగే అంటుకుందని నా అనుమానం. ఇప్పుడు ఒకరి తర్వాత ఒకరం తింటున్నాం.

జవాబు (డెంటిస్ట్):
తుడిస్తే కుర్చీ శుభ్రమవుతుంది, గాలి కాదు. పన్ను అరగదీసే ఎయిరోటార్, గార తీసే అల్ట్రాసోనిక్ స్కేలర్ లేపే సన్నటి తుంపర పని ఆపాక కూడా తేలుతూనే ఉంటుంది. గదిలో గాలి గంటకు 6 సార్లు మారితే అందులో 99 శాతం పోవడానికి 46 నిమిషాలు పడుతుంది, 12 సార్లు మారితే 23 నిమిషాలు. మామూలు స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకండి. కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్, లేదంటే గాల్లోని సన్నటి కణాల్ని పట్టే హెపా ఫిల్టర్ కావాలి.

అసలు తుంపరే తక్కువ లేచేలా చూడాలి. అది మీ చేతిలో పని. హై వాల్యూమ్ సక్షన్ (నీళ్లనీ తుంపరనీ గట్టిగా లాగేసే గొట్టం) పంటికి దగ్గరగా పట్టుకోండి. ఫిల్లింగ్‌కి, రూట్ కెనాల్‌కి రబ్బర్ డ్యామ్ (పంటి చుట్టూ బిగించే రబ్బరు పొర) అడగండి. ముందు మౌత్‌వాష్ పుక్కిలించమంటే నోట్లో సూక్ష్మజీవులు కాసేపు తగ్గుతాయి, అంతే. దాన్ని నమ్ముకుని మిగతావి వదిలేయొద్దు.

మీ డాక్టర్‌తో గొడవ అక్కర్లేదు. స్కేలింగ్‌లన్నీ రోజు చివర్లో పెడదామని అడిగి చూడండి. పేషెంట్లు తగ్గరు కాబట్టి ఒప్పుకోవచ్చు.

ఇంకో సభ్యుడు:
మేం ఇంటికెళ్లే ముందు ఒంటిమీద బ్లీచింగ్ నీళ్లు స్ప్రే చేసుకుంటున్నాం.

జవాబు (డెంటిస్ట్):
ఆపేయండి. మనుషుల మీద క్రిమిసంహారకాలు చల్లొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. కళ్లు, చర్మం పాడవుతాయి, ఊపిరితిత్తులకూ మంచిది కాదు. 0.1 శాతం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రావణం) ఉపరితలాలకి, మనుషులకి సబ్బు, నీళ్లు.

ప్రశ్న వేసినవారు:
చాలా థ్యాంక్స్. మరి తలనొప్పి, నిద్ర సంగతి?

జవాబు (సీనియర్ అసిస్టెంట్):
మాస్క్‌లో ఉన్నంతసేపూ మనం నీళ్లు తాగం, తలనొప్పికి అదీ ఒక కారణం కావచ్చు. మధ్యలో బయటికెళ్లి, చేతులు కడుక్కుని, మాస్క్ తీసి పది నిమిషాలు కూర్చో. ఆ పది నిమిషాలు అడిగి తీసుకో, మొహమాటపడకు.

భయం నాకూ ఉండేది. క్లినిక్‌లోనే బట్టలు మార్చుకుని, ఇంటికెళ్లగానే స్నానం చేయడం అలవాటయ్యాక కాస్త తగ్గింది. జ్వరం వస్తే సెలవు ఇస్తారా, జీతం కోస్తారా అన్నది ఇప్పుడే తేల్చుకో. ఆ ఒక్కటి తెలియకే నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. రెండు వారాలైనా నీకు ఇలాగే ఉంటే డాక్టర్‌కి చూపించుకో. ముక్కుకి హైడ్రోకొల్లాయిడ్ పట్టీ (పుండుని మెత్తగా కప్పే జెల్ పట్టీ) చిన్న ముక్క కత్తిరించి వేసుకో.

ప్రశ్న వేసినవారు:
పట్టీ వల్ల మాస్క్ అంచు లేవదు కదా అక్కా?

జవాబు (సీనియర్ అసిస్టెంట్):
లేవొచ్చు. పలుచటిది వేసి మళ్లీ ఊది చూడు. గాలి వస్తే పట్టీ తీసేసి వేరే ఆకారం మాస్క్ అడుగు.