డాల్ఫిన్లు మనుషులకు చేపలు పట్టించడం నిజమేనా?

మంగమారిపేట కుర్రాడు:
పోయిన వారం మావయ్యతో పడవ మీద వేటకెళ్లాను. మూడు డాల్ఫిన్లు పక్కనే తేలాయి, అవి ఊపిరి వదిలినప్పుడు ‘ఫూ’మని వచ్చే చప్పుడు కూడా స్పష్టంగా వినపడింది. మావయ్య మాత్రం వల గబగబా లాగేశాడు, చిక్కుకుంటే వాటి ప్రాణం పోతుంది, మన వలా పోతుందని. బ్రెజిల్‌లో డాల్ఫిన్లే చేపల్ని మనుషుల దగ్గరికి తోలుకొస్తాయంట అని చెప్తే నవ్వేశాడు. నిజమేనా? నిజమైతే మన విశాఖలో ఎందుకు లేదు?

సాగర్:
నిజమే తమ్ముడూ. దక్షిణ బ్రెజిల్‌లో లగూనా అని ఒక ఊరు, అక్కడిది వందేళ్లు దాటిన అలవాటు. జాలర్లు విసురువలలు పట్టుకుని నడుములోతు నీళ్లలో వరసగా నిలబడతారు, నీళ్లు బురదగా ఉంటాయి కాబట్టి చేప ఎక్కడుందో కనపడదు. డాల్ఫిన్లు మల్లెట్ చేపల గుంపుని వాళ్ల వైపు తోలుకొచ్చి, దగ్గరికొచ్చాక ఒక్కసారిగా వీపు వంచి మునుగుతాయి. అదే సైగ. ఆ క్షణంలోనే వల విసరాలి. 2023లో వచ్చిన పరిశోధన ప్రకారం, ఆ సైగకి సరిగ్గా విసిరితే దాదాపు నాలుగు రెట్లు చేపలు పడతాయి. వాటికెవరూ శిక్షణ ఇవ్వలేదు. తల్లి వెంట తిరిగి పిల్లలు నేర్చుకుంటాయి.

లక్ష్మి, భీమిలి:
మయన్మార్‌లో ఐరావతి నది మీద కూడా ఉంది. అక్కడ ముందు జాలరే పిలుస్తాడు, పడవ అంచు మీద కర్రతో టకటక కొట్టి. కానీ కరెంటు పెట్టి చేపలు పట్టేవాళ్ల వల్ల ఆ డాల్ఫిన్లకి పెద్ద ముప్పు వచ్చింది. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

సాగర్:
విశాఖలో ఎందుకు లేదంటే, నాకు తోచింది చెప్తాను. మనది అలలు విరిగే తెరిచిన తీరం, లగూనా లాంటి ఇరుకు కాలువ కాదు. మనోళ్లు ఎక్కువగా నీళ్లలో వదిలే వలలు వాడతారు, వాటిలో డాల్ఫిన్‌కి దొరికేది సాయం కాదు, ఉరి. మీ మావయ్య వల లాగేయడం చాలా మంచి పని.

మంగమారిపేట కుర్రాడు:
ఇదంతా మావయ్యకి చదివి వినిపించాను. ఈసారి నవ్వలేదు. మరి వాటి వాటా ఎవరిస్తారని అడిగాడు.

సాగర్:
ఎవరూ ఇవ్వక్కర్లేదు. వల నీళ్లలో పడగానే గుంపు చెదిరిపోతుంది, విడిపోయి ఒంటరైన చేపల్ని అవే పట్టుకుని తింటాయి.