సీడ్ పత్తిలో ఆర్గనైజర్ ఉండాలా, కంపెనీయే నేరుగా రావాలా?

అయిజ రైతుబిడ్డ:
గద్వాల, అయిజ, మల్దకల్, గట్టు వైపు సీడ్ పత్తి, అంటే కంపెనీల కోసం హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే పద్ధతి తెలిసిందే. కంపెనీ ఆడ, మగ విత్తనం ఆర్గనైజర్‌కు ఇస్తుంది. ఆయన రైతులకు పంచుతాడు, పెట్టుబడికి అప్పిస్తాడు, పండిన విత్తనం ఆయనే తీసుకుపోతాడు. విదేశీ కంపెనీలు కూడా కృష్ణా, తుంగభద్రల మధ్యనున్న మన నడిగడ్డలో ఈ దారినే వచ్చాయి. మధ్యలో ఆయనను తీసేస్తే రైతుకు మేలా, కీడా? మా ఊళ్లో ఈ మాట మీద రోజూ గొడవే.

కృష్ణ ఒడ్డు:
మా ఇంట్లో చేసేది ఈ పనే కాబట్టి చెప్తున్నా తమ్మీ, ఆర్గనైజర్ లేకపోతే సీడ్ పత్తే లేదు. ప్లాటు చుట్టూ వేరే పత్తి ఉండొద్దు, దాని పుప్పొడి కలిస్తే విత్తనం చెడుతుంది. పక్క చేను ఆసామిని బతిమాలి మక్కనో కందినో వేయించేది ఎవరు? ఎవరి బోరు నమ్మొచ్చో, క్రాసింగ్‌కు ఎవరికి కూలీలు దొరుకుతారో హైదరాబాద్‌లో కూర్చున్న మేనేజర్‌కు ఎట్లా తెలుస్తుంది? బ్యాంకు తిప్పిన రైతుకు రాత్రికి రాత్రి డబ్బులిచ్చేది మేమే. పంట పోతే ఆ అప్పు మునిగేదీ మాకే.

జూరాల ఆయకట్టు:
అన్నా, మీరు చెప్పిన ప్రతి పనీ నిజమే. అయితే అవన్నీ కంపెనీ చేసుకోవాల్సిన పనులు. చేను చూడటం, అప్పు ఇవ్వడం, పంచాయితీ తెంపడం మీ నెత్తిన పడ్డాయి. కంపెనీకి ఇక్కడ గుంట భూమి లేదు, ఒక్క రైతుకు అప్పిచ్చింది లేదు. స్థానిక భాగస్వామి వల్ల దానికి దక్కే అసలు లాభం ఇదే.

జీఓటీ సంగతే తీసుకోండి, అంటే పండిన విత్తనాన్ని కొంత మొలిపించి అసలు హైబ్రిడ్డేనా అని చూసే పరీక్ష. సాయంత్రం ఆడ మొక్క మొగ్గ ఒలిచి, లోపలి పుప్పొడి కాడలన్నీ గోటితో తీసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడుగుతారు. తెల్లారి మగ పువ్వు తెచ్చి ఆ కీలాగ్రానికి రుద్దుతారు. రెండు మూడు నెలలు ఇదే పని, ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. ఒక్క కాడ మిగిలినా సొంత పుప్పొడితోనే కాయ కట్టొచ్చు. అట్లాంటి గింజలు ఎక్కువైతే ఆ పరీక్షలో లాట్, అంటే రైతు ఇచ్చిన విత్తనం మొత్తం, ఫెయిల్. కానీ కంపెనీ ఇచ్చిన ఆడ, మగ విత్తనంలోనే కల్తీ ఉన్నా లాట్ ఫెయిలే అవుతుంది. తప్పు ఎవరిదో తేల్చడానికి రైతు దగ్గర ఏముంది? ఆ విత్తనం శాంపిల్ లేదు, రిపోర్టు కాపీ లేదు. మా నాన్న లాట్ పోయినప్పుడు ‘ఫెయిల్’ అని ఫోన్‌లో ఒక్క మాట చెప్పారు. వడ్డీ మాత్రం ఆగలేదు.

బీటీ పత్తి టెక్నాలజీ కూడా భాగస్వాముల చేతుల మీదుగానే మన దేశంలో పరుచుకుంది. మోన్‌శాంటో, మహికో సగం సగం వాటాతో కంపెనీ పెట్టాయి. 2002లో బీటీకి అనుమతి వచ్చింది, తర్వాత దేశీ విత్తన కంపెనీలకు లైసెన్సులిచ్చి రాయల్టీ తీసుకున్నారు. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 దాటితే ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కొట్లాడింది, 2006లో 750కి దిగింది. 2015లో రాయల్టీ దగ్గరే నూజివీడు సీడ్స్‌తో చెడింది. పేటెంట్ గొడవ కూడా కలిసి సుప్రీంకోర్టు దాకా పోయింది, 2019లో తీర్పు వచ్చింది. వాళ్ల చేతిలో అగ్రిమెంట్ ఉంది, లాయర్లున్నారు. మా నాన్న చేతిలో ఆర్గనైజర్ నోట్‌బుక్‌లో ఒక పేజీ ఉంది, అది కూడా ఆయన దగ్గరే!

కృష్ణ ఒడ్డు:
నోట్‌బుక్ మాట ఒప్పుకుంటా. మాకు కూడా కంపెనీ డబ్బులు ఆలస్యంగానే వస్తాయి, అది రాయవేం? గట్టిగా అడిగితే వచ్చే ఏడాది మా కోటా ఇంకొకరికి పోతుంది.

నల్లగొండ పత్తిచేను:
మేం ప్యాకెట్ కొనేవాళ్లం, దాని వెనక ఇంత ఉందని ఇప్పుడే చదువుతున్నా. ములుగు జిల్లా వాజేడు వైపు సీడ్ మొక్కజొన్న రైతులు నష్టపోతే రైతు కమిషన్ కల్పించుకుంది, 2025లో పరిహారం ఇప్పించారు. అక్కడ అయింది ఇక్కడ ఎందుకు కాదు?

జూరాల ఆయకట్టు:
అదే నేను అడిగేది. ఆర్గనైజర్‌ను తీసేయమనడం లేదు. ఆ పని తెలిసిన మనిషి కావాల్సిందే. కాగితం మీద కంపెనీ, ఆర్గనైజర్, రైతు ముగ్గురి సంతకాలుండాలి. విత్తనం ఇచ్చిన రోజే సీలు వేసిన శాంపిల్ రైతుకు ఇవ్వాలి. జీఓటీ రిపోర్టు కాపీ చేతికి రావాలి. డబ్బు ఎప్పటిలోగా ఇస్తారో తేదీ ఉండాలి, దాటితే వడ్డీ కంపెనీ మీదే పడాలి.

కృష్ణ ఒడ్డు:
ఇంత కాగితం అడిగితే కంపెనీ కర్నూలు వైపో కర్ణాటకకో పోతుంది తమ్మీ. అప్పుడు మీరూ లేరు, మేమూ లేం.

జూరాల ఆయకట్టు:
ఆ భయం నాకూ ఉంది అన్నా. కానీ పోవడం అంత సులువా? ఆ మొగ్గ ఒలిచే చేతులు, చుట్టూ చేన్లను ఒప్పించే మీలాంటి వాళ్లు కొత్త చోట ఒక్క సీజన్‌లో తయారుకారు. ఈ సీజన్ విత్తనం ఇంకా పంచలేదు. మీ కంపెనీ ఇచ్చే అగ్రిమెంట్ నమూనా, పేర్లు కొట్టేసి, ఇక్కడ పెట్టగలరా? ఏ లైన్ మారాలో అందరం కూర్చుని చూద్దాం.