గొడుగు తెరిస్తే కోడిపిల్లలు కొన్ని పరిగెత్తాయి, కొన్ని నేలకి అతుక్కుపోయాయి. ఎందుకలా?

పర్లాకిమిడి_పెరడు:
మాది పర్లాకిమిడి పక్కన పల్లెటూరు. పొదుగులో ఉన్న పెట్టని ముంగిస పట్టుకుపోతే మిగిలిన గుడ్లని మా ఆయన అట్టపెట్టెలో బల్బు కింద పెట్టి పిల్లల్ని లేపారు, పదకొండు దక్కాయి. వీటికి తల్లి మొహం తెలీదు. నాలుగు రోజుల క్రితం దాకా వరండా దాటలేదు కాబట్టి గద్దని చూసే అవకాశమే లేదు.

మొన్న చినుకులు మొదలైతే అరుగు మీద నుంచుని నల్ల గొడుగు టప్పున తెరిచాను, సరిగ్గా వాటి నెత్తి మీద. ఏడు గంప కిందకి దూరిపోయాయి. రెండు మాత్రం అడుగు కదల్లేదు, మెడ చాచి నేలకి అతుక్కుపోయాయి, చేత్తో ఎత్తితే గుండె టకటకా కొట్టుకుంటోంది గానీ కిక్కురుమనలేదు. మిగతా రెండూ ఇంకా వింత. గంప ఉన్న వైపు కాకుండా జామచెట్టు మొదట్లోకి ఉరికాయి. ఎండ తగలాలని నేను గంపని రోజూ జరుపుతుంటాను, ముందురోజు అది ఉన్నది అక్కడే!

మా అత్తగారు "పుట్టుకతో వచ్చే భయం, దానికి చదువెందుకు" అని తేల్చేశారు. సరే, పుట్టుకతోనే అయితే పదకొండూ ఒకలాగే చెయ్యాలిగా? ఇంకో టెన్షన్ ఏంటంటే, మావాడికి ఇదో ఆటైపోయింది, సాయంత్రమైతే గొడుగు తెరిచి మూస్తున్నాడు, ఇప్పుడు పిల్లలు తలెత్తి చూసి మళ్లీ నూకలు ఏరుకుంటున్నాయి. ఇలాగే గద్దకి కూడా అలవాటు పడిపోతాయా?

గుణుపురం_గోపి:
గద్దని చూసి నేర్చుకుందాం అనుకున్న పిల్ల ఇంటికి తిరిగి రాదు కదా అక్కా. అత్తగారికే నా ఓటు.

బరంపురం_జువాలజీ:
అత్తగారు చెప్పింది సగం కరెక్టే, మిగతా సగంలోనే మజా ఉంది. కోళ్ల కంటే ఎలుకల మీద ఈ పని బాగా జరిగింది, అదే చెప్తాను.

2013లో మెలిస్ యిల్మాజ్, మార్కస్ మైస్టర్ అని ఇద్దరు ఓ పెట్టెలో చుంచెలుకని వదిలి, పైన కంప్యూటర్ తెర బిగించి, అందులో చిన్న నల్ల చుక్క గబగబా పెద్దదయ్యేలా చూపించారు. పైనుంచి ఏదో మీద పడుతున్నట్టు అనిపిస్తుందన్నమాట, మీ గొడుగు చేసిందీ అదే. ఎలుక వెంటనే మూలనున్న గూట్లోకి దూరేది, లేదా ఉన్నచోటే బిగుసుకుపోయేది. ఎవరూ నేర్పలేదు, మొదటిసారి చూపించినా అంతే. అది ఎలా కదులుతుందన్నది కూడా ముఖ్యమే. తర్వాత ఇంకొకళ్లు చిన్న చుక్క పైన అలా అడ్డంగా జారిపోతున్నట్టు చూపిస్తే ఎక్కువగా బిగుసుకుపోయాయి, పెద్దదవుతూ మీదకొస్తుంటే పరిగెత్తాయి. దూరంగా తిరిగే గద్దకి మనం కనపడకపోతే చాలు, మీదకి దూకేసిన గద్ద ముందు నక్కి కూర్చుంటే ఏం లాభం?

లోపల ఏం జరుగుతుందంటే, కంటి నుంచి కబురు మధ్యమెదడులో సుపీరియర్ కాలిక్యులస్ అనే చోటికి వెళ్తుంది (పక్షుల్లో దీన్ని ఆప్టిక్ టెక్టమ్ అంటారు, వాటికి బాగా పెద్దది). అక్కణ్ణుంచి పెరియాక్విడక్టల్ గ్రే అనే ఇంకో భాగానికి. 2018లో లండన్‌లో టియాగో బ్రాంకో బృందం చూసిందేమిటంటే ఈ రెండింటి మధ్య లింకు బాగా బలహీనం. కాలిక్యులస్‌లో ప్రమాదం సంకేతాలు పోగై పోగై ఒక గీత దాటితేనే పెరియాక్విడక్టల్ గ్రే లేస్తుంది, లేచిందా ఇక పరుగే. ఇంట్లో ఒకరిద్దరు పిలిస్తే లేవని మనిషి అందరూ కలిసి అరిస్తే ఉలిక్కిపడి లేచినట్టు.

మీ జామచెట్టు పిల్లల గురించి చదివి నేను కుర్చీలోంచి లేచాను. అదే బృందం 2017లో గూడు ఎక్కడుందో ఎలుకలు ఒక్కసారి చూసి గుర్తుపెట్టుకుంటాయని, ఆపద వస్తే ఆ గుర్తుని బట్టే పరిగెడతాయని చూపించింది. గూటిని మార్చేస్తే పాత చోటికే పరుగు! అసలు గూడే లేకపోతే పారిపోవడం తగ్గి బిగుసుకుపోవడం ఎక్కువవుతుంది. కోడిపిల్ల ఎలుక కాదు నిజమే, కానీ గంపని మాత్రం ఇక జరపకండి.

సిరొంచా_రైతు:
మా దిక్కు ప్రాణహిత ఒడ్డు చేలల్లో కుందేలుది కూడా ఇదే కథ. పత్తి చేలో నడుస్తుంటే దుబ్బు కింద రాయిలాగ కూర్చుంటుంది, కాలు దాదాపు దాని మీద పడేదాకా కదలదు, పడబోయిందా బాణంలాగ లేస్తుంది, మన గుండె ఆగినంత పనవుతుంది. బోడి నేల మీద దొరికితే మాత్రం మనిషి అంత దూరాన ఉండగానే ఉరుకుతుంది. అన్ని జీవాలకూ మెదడులో ఒకటే తీగ ఉంటే జాతికో తీరు ఎందుకు తమ్ముడూ? ఎలుక ఎలుకకే తేడా ఉంటుందంటారా?

బరంపురం_జువాలజీ:
ఉంటుంది బాబాయ్, భలే అడిగారు. అమెరికాలో పెరోమిస్కస్ అని ఓ ఎలుకల కుటుంబం ఉంది. అందులో ఒక జాతి దట్టమైన గడ్డిలో బతుకుతుంది, ఇంకోటి ఏ అడ్డూ లేని ఇసుక నేలల్లో. రెండూ దగ్గరి చుట్టాలే. నల్ల చుక్క చూపిస్తే గడ్డి ఎలుక వెంటనే పరిగెడుతుంది, ఇసుక ఎలుక ఆగిపోతుంది, దాన్ని పరిగెత్తించాలంటే బెదిరింపు ఇంకా గట్టిగా ఉండాలి. బోడి నేల మీద కదిలితేనే గద్ద కళ్లలో పడతాం, అందుకని అర్థం చేసుకోవచ్చు.

మొదట అందరూ అనుకునేది ఏంటంటే కళ్లలో తేడా ఉండి ఉంటుందని. 2025లో అచ్చయిన పనిలో చూస్తే కంటి వైపు పెద్ద తేడా లేదు, ఇందాక చెప్పిన పెరియాక్విడక్టల్ గ్రే దగ్గర ఉంది. ఆ కణాల్ని కాంతితో తట్టి లేపితే గడ్డి ఎలుక పరుగందుకుంది, ఇసుక ఎలుక అందుకోలేదు. గడ్డి ఎలుకలో వాటిని నెమ్మదింపజేస్తే అదీ ఆలస్యంగానే కదిలింది. అంటే గంట ఇద్దరికీ మోగుతోంది, గంట విన్నాక ఏం చెయ్యాలన్న చోట మార్పొచ్చింది. మీ కుందేలు మాత్రం జాతి మారకుండానే రెండు తీర్లు చూపిస్తోంది, అది ఇందాక చెప్పిన గీతా, దాక్కునే చోటూ చూసుకుని చేసే పని అని నా ఊహ.

అక్కా, మీ గొడుగు టెన్షన్‌కి: 1961లో వోల్ఫ్‌గాంగ్ ష్లైట్ టర్కీ కోళ్ల మీద చూసింది ఇదే. అవి గద్ద ఆకారానికని భయపడవు, తరచూ కనపడేదాన్ని పట్టించుకోకుండా అరుదుగా కనపడేదానికి భయపడతాయి. ఆ లెక్కన గొడుగు పాతబడింది, గద్ద పాతబడలేదు. అయినా మీవాడికి వేరే ఆట చూపించండి, నల్లగా మీదకొచ్చేదేదైనా ఉత్తిదే అని పిల్లలు అనుకోవడం మనకి మంచిది కాదు.

గుణుపురం_గోపి:
గొడుగు మా ఇంటికి పంపెయ్యండక్కా, వానలు మొదలయ్యాయి.

పర్లాకిమిడి_పెరడు:
గంప జామచెట్టు కిందే పెట్టేసి నాలుగు వైపులా ఇటుకలు ఆనించాను, ఇక కదలదు. నిన్న మధ్యాహ్నం నిజం గద్దే వచ్చింది. మేం చూసేసరికి పెరట్లో ఒక్క పిల్ల లేదు. అందరూ గంప కింద ఉన్నారనుకుని లెక్కపెడితే తొమ్మిది. గుండె జారిపోయింది. అరగంట వెతికాక బచ్చలి పాదు కింద దొరికాయి మిగతా రెండూ, మెడ చాచుకుని, మట్టి రంగులో మట్టిలాగే. గొడుగు రోజున కదలని ఆ రెండే.