అప్‌డేట్: పై అంతస్తు కెమెరాలు వచ్చేశాయి

బిల్లింగ్ కంప్యూటర్లను వీల్యాన్ (ఒకే స్విచ్‌ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) 10లో, సీసీ కెమెరాలను వీల్యాన్ 20లో పెట్టాక పై అంతస్తు కెమెరాలు మాత్రం కింద ఉన్న రికార్డర్‌కి అందడం లేదని మొన్న అడిగాను కదా, దొరికింది.

తప్పు ట్రంక్ పోర్టులో ఉంది. కింది, పై అంతస్తుల నెట్‌వర్క్ స్విచ్‌లను కలిపి, అన్ని వీల్యాన్ల డేటానీ ఒకే కేబుల్ మీద మోసే ఆ పోర్టులో దాటే ప్రతి కెమెరా ఫ్రేమ్‌కి (అంటే డేటా ముక్కకి) 802.1క్యూ అనే వీల్యాన్ ప్రమాణం ప్రకారం 4 బైట్ల ట్యాగ్ తగులుతుంది, అది ఏ వీల్యాన్‌దో అందులోని 12 బిట్లు చెప్తాయి. పై స్విచ్‌లో ట్రంక్ అయితే పెట్టాను గానీ, అనుమతించే జాబితాలో 10 ఒక్కటే రాసి 20 మర్చిపోయాను. పైన బిల్లింగ్ బాగానే నడుస్తుండడంతో ఆ లింకు మీద అసలు అనుమానమే రాలేదు, రెండు రోజులు కేబుళ్లు మారుస్తూ కూర్చున్నాను. 20 చేర్చగానే బొమ్మ వచ్చేసింది!

ఇంకో సంగతి, మేనేజర్ గారి కంప్యూటర్ వీల్యాన్ 10లో ఉంది, ఆయనకి కెమెరాలు చూడాలి. ఒకే స్విచ్‌లో పక్కపక్క పోర్టులైనా సరే, వీల్యాన్ మారితే రౌటర్ గుండానే వెళ్లాలి. అందుకే ఆ ఒక్క కంప్యూటర్ నుంచి రికార్డర్‌కి మాత్రమే రౌటర్‌లో దారి ఇచ్చాను, మిగతావన్నీ మూసే ఉంచాను. ట్రంక్ చూడమన్నవాళ్లకి చాలా థ్యాంక్స్.