కొత్త వ్యాను కనెక్ట్ అయితేగానీ పాత వ్యాను కనబడట్లేదు (ఈపోల్, యాక్సెప్ట్)

విజయనగరం_కుర్రాడు:
అందరికీ నమస్తే. మా ఊళ్ళో ఒక స్కూలు వ్యాన్లకి జీపీఎస్ డబ్బాలు పెట్టారు, మొత్తం 38. అవి పంపే లొకేషన్లు తీసుకునే సర్వర్ నేనే సీ లో రాశాను. లినక్స్, ఒకటే థ్రెడ్, ఈపోల్ (ఏ కనెక్షన్‌లో కదలిక ఉందో లినక్స్ చెప్పే పద్ధతి) ఎడ్జ్ ట్రిగ్గర్. మామూలుగా బానే నడుస్తుంది గానీ రీస్టార్ట్ చేసినప్పుడే తంటా. డబ్బాలన్నీ ఒకేసారి మీద పడతాయి, అందులో ఐదో ఆరో మ్యాప్‌లోకి రావు. డబ్బా వైపు చూస్తే కనెక్ట్ అయ్యాను, డేటా పంపుతున్నాను అంటుంది, నా లాగ్‌లో దాని ఊసే ఉండదు.

వింత ఏంటంటే, నిన్న చీపురుపల్లి వ్యాను పావుగంట కనబడలేదు, స్కూలు నుంచి ఫోన్ మీద ఫోన్, ఒకటే టెన్షన్. ఇంతలో గజపతినగరం వ్యాను సిగ్నల్ పోయి మళ్ళీ కనెక్ట్ అయింది. ఆ క్షణంలోనే చీపురుపల్లి వ్యాను ప్రత్యక్షం! పావుగంట లొకేషన్లూ ఒక్క కుప్పగా వచ్చి పడ్డాయి. ఈసారి గజపతినగరం వ్యాను మాయం. ఫ్రెండ్ బ్యాక్‌లాగ్ (తీసుకునేదాకా కనెక్షన్లు ఆగే క్యూ పొడవు) పెంచమంటే 128 ని 1024 చేశాను, ఏమీ మారలేదు. ఈవెంట్ రాగానే యాక్సెప్ట్ (క్యూలోంచి ఒక కనెక్షన్ తీసుకునే ఫంక్షన్) పిలుస్తూనే ఉన్నాను, ఇంకేటి చెయ్యాలి?

ఆమదాలవలస_అన్న:
తమ్ముడూ, ఎన్నిసార్లు పిలుస్తున్నావు? ఒక్కసారే అయితే తప్పు అక్కడే. ఎడ్జ్ ట్రిగ్గర్‌లో కెర్నల్ (లినక్స్ లోపలి అసలు భాగం), క్యూలోకి కొత్తవాళ్ళు చేరినప్పుడే కబురు పెడుతుంది, లోపల ఇంకా మిగిలారని గుర్తు చెయ్యదు. ఆరు వ్యాన్లు కలిసి వచ్చేస్తే నీకు అందేది ఒకే ఈవెంట్ కావచ్చు. నువ్వు ఒకదాన్ని తీసుకుని పడుకుంటావు, ఐదు గుమ్మంలోనే. తర్వాత ఎవరో ఒకరు వస్తే మళ్ళీ లేచి ఒకదాన్ని తీస్తావు, అదీ వరసలో ముందున్నదాన్ని. చీపురుపల్లి, గజపతినగరం కథ అదే.

డబ్బా అబద్ధం చెప్పట్లేదు. హ్యాండ్‌షేక్ పూర్తి చేసేది కెర్నల్, నువ్వు యాక్సెప్ట్ చేసేదాకా అది ఆగదు. పంపిన డేటా కూడా కెర్నల్ బఫర్‌లోనే కూర్చుంటుంది, అందుకే కుప్పగా పడింది. ఎస్ఎస్ కమాండ్‌కి ఎల్‌టీఎన్ ఆప్షన్ ఇచ్చి నీ పోర్టు వరస చూడు, రిసీవ్ క్యూ కింద అంకె సున్నా కాకుండా అలాగే నిలిచిపోయి ఉంటే సందేహమే లేదు.

ఈఎగైన్ (ఇప్పుడు క్యూలో ఎవరూ లేరనే జవాబు) వచ్చేదాకా లూప్‌లో యాక్సెప్ట్ చెయ్యి. దానికంటే ముందు లిజనింగ్ సాకెట్‌ని (కొత్త కనెక్షన్లు వచ్చే గుమ్మం) నాన్ బ్లాకింగ్ చెయ్యి, అంటే ఎవరూ లేకపోతే ఆగకుండా వెంటనే తిరిగొచ్చేలా. బ్యాక్‌లాగ్ జోలికి పోకు. పాత కెర్నల్ అయితే నువ్వు 1024 అన్నా 128 కే కత్తిరిస్తుంది (5.4 నుంచే డిఫాల్ట్ 4096). అయినా ఖాళీ చేసేవాడు లేనప్పుడు గుమ్మం పెంచి ఏం లాభం?

విజయనగరం_కుర్రాడు:
అన్నా, రిసీవ్ క్యూ 5 చూపించింది, అలాగే ఉంది! లూప్ పెట్టాను. ఇప్పుడు సర్వర్ మొత్తం బిగుసుకుపోయింది, ఒక్క వ్యానూ లేదు.

ఆమదాలవలస_అన్న:
నాన్ బ్లాకింగ్ చెయ్యలేదు కదూ. క్యూ ఖాళీ అయ్యాక చివరి యాక్సెప్ట్ తర్వాతి వ్యాను కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయింది, ఉన్నది ఒకటే థ్రెడ్ మరి. ఇంకోటి, లినక్స్‌లో లిజనింగ్ సాకెట్‌కి పెట్టిన నాన్ బ్లాకింగ్ గుణం కొత్త సాకెట్‌కి రాదు, దానికి విడిగా పెట్టాలి. యాక్సెప్ట్4 వాడితే ఒకే పిలుపులో అయిపోతుంది.

టెక్కలి_లాగ్స్:
నాకు అన్నయ్య గారి మాటలో ఒక్కదానితో పేచీ. లూప్ సరే, కానీ 38 వ్యాన్లకి లిజనింగ్ సాకెట్ మీద ఎడ్జ్ ట్రిగ్గర్ ఎందుకు? దాన్ని లెవెల్‌లో వదిలేస్తే క్యూలో ఒక్కడున్నా మళ్ళీ మళ్ళీ లేపుతుంది. నాన్ బ్లాకింగ్ మాత్రం అప్పుడూ కావాలి. ఈవెంట్ వచ్చాక, నువ్వు యాక్సెప్ట్ చేసేలోపు ఆ కనెక్షన్ తెగిపోవచ్చని మాన్యువల్‌లోనే ఉంది.

అసలు నాకు భయం వేసేది ఈఎంఫైల్ (ఒక ప్రోగ్రాం తెరవగలిగే ఫైళ్ళూ సాకెట్ల లిమిట్ నిండితే వచ్చే ఎర్రర్). వ్యాను సిగ్నల్ లేని చోట పోయిందంటే బై చెప్పి పోదు, పాత సాకెట్ నీ దగ్గర తెరిచే ఉంటుంది, డబ్బా మళ్ళీ వచ్చి కొత్తది తీసుకుంటుంది. కీప్ అలైవ్ ఆన్ చేసినా డిఫాల్ట్‌లో మొదటిసారి తట్టి చూసేది 2 గంటల తర్వాతే. అలా పెరిగి పెరిగి 1024 లిమిట్ తగిలిందనుకో, ఎడ్జ్‌లో అయితే చప్పుడు లేకుండా ఆగిపోతుంది, లెవెల్‌లో అయితే తీసుకోలేక, ఊరుకోలేక సీపీయూ 100 శాతం తిరుగుతుంది. నేను మొదట్లోనే డెవ్ నల్ (ఉత్త ఖాళీ ఫైలు) ఒకటి తెరిచి పక్కన పెట్టుకుంటాను. ఈఎంఫైల్ వస్తే దాన్ని మూసి, ఆ ఖాళీలో ఒకరిని యాక్సెప్ట్ చేసి, వెంటనే పంపేసి, మళ్ళీ డెవ్ నల్ తెరుస్తాను. మొరటు పనే గానీ పనిచేస్తుంది.

విజయనగరం_కుర్రాడు:
నాలుగు రోజులు ఆగి చూసి రాస్తున్నాను. రెండుసార్లు రీస్టార్ట్ చేశాను, 38 కి 38 వచ్చాయి, రిసీవ్ క్యూ సున్నా. టెక్కలి మేడమ్ గారు ఈఎంఫైల్ సంగతి చెప్పారు కదా అని ఇందాక ప్రొక్ కింద ఎఫ్‌డీ ఫోల్డర్ (సర్వర్ తెరిచి ఉంచినవన్నీ కనబడే చోటు) లెక్కపెట్టాను. 38 వ్యాన్లకి 211 తెరిచి ఉన్నాయి. ఐదు నిమిషాలు మాట్లాడని సాకెట్‌ని మూసేసే టైమర్ ఈ రాత్రికే రాస్తున్నాను.