మన పిల్లలు దుబాయ్‌కి, బిహార్ పిల్లలు మన పొలాలకి: ఇందులో ఎవరికి ఏం మిగులుతోంది?

కోరుట్ల_రైతుబిడ్డ:
అందరికీ నమస్తే. మాది కోరుట్ల దగ్గర ఊరు, ఇంటికొకరు అన్నట్టు దుబాయ్‌లోనో ఖతర్‌లోనో సౌదీలోనో ఉన్నారు. ఊళ్లో నాట్లేసేది మాత్రం బిహార్, బెంగాల్ నుంచి వచ్చిన మగ కూలీలు, రైస్ మిల్లులో బస్తాలు మోసే హమాలీలు కూడా బిహార్ వాళ్లే, పెద్దపల్లి వైపు ఇటుక బట్టీల్లో చూస్తే ఒడిశా కుటుంబాలు. మొన్న ఒకాయన పెద్ద గొడవ చేశాడు, బయటోళ్లు వచ్చి మన కూలి రేటు పడగొడుతున్నారని. ఆయన కొడుకు షార్జాలో ఉన్నాడు. అక్కడివాళ్లు ఆ కొడుకు గురించి ఇదే మాట అంటే ఆయనకి ఎలా ఉంటుంది అనిపించింది. ఇంతమంది అటు పోయి, ఇంతమంది ఇటు వచ్చి, చివరికి ఊరు బాగుపడుతోందా లేదా? ఇంకోటి, మా చిన్నాన్న కొడుకు వెళ్తానంటున్నాడు. పదో తరగతి ఫెయిల్, ఏజెంట్ లక్షన్నర అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?

దోహా_షట్టరింగ్:
తమ్మీ, ఖతర్‌లో పది మందిలో తొమ్మిది మంది దాకా బయటి దేశాలవాళ్లే, ఎమిరేట్స్‌లో కూడా దాదాపు అంతే. మనం పోయి అక్కడివాళ్ల పని గుంజుకున్నది లేదు, మనలాంటి వాళ్లు లేకపోతే ఆ నగరాలే లేవు. నేను చాలా ఏళ్లు దోహాలో షట్టరింగ్ పని చేశాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్తా. ఆ దేశానికి మనిషి ఇరవై ఏళ్లవాడై, పనికి తయారై వస్తాడు. వాడికి పాలు పట్టింది, టీకాలు వేయించింది, బడికి పంపింది మన ఊరు. నలభై ఐదు దాటి నడుం పోయాక వీసా రద్దు చేసి ఎగ్జిట్ వేసి పంపిస్తే చూసుకోవాల్సింది మళ్లీ మన ఊరే. మధ్యలో ఒంట్లో సత్తువ ఉన్న ఏళ్లు మాత్రం వాళ్లవి. ఎన్నేళ్లు కష్టపడినా పౌరసత్వం రాదు, తక్కువ జీతం ఉన్నవాడు భార్యాపిల్లల్ని తెచ్చుకోలేడు. మనం ఇక్కడి కూలికి అక్కడి జీతానికి తేడా ఒక్కటే చూసుకుని లాభం అనుకుంటాం.

కొన్ని మారిన మాట నిజమే. 2020లో ఖతర్ కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఎన్‌ఓసీ, అంటే అనుమతి కాగితం, లేకుండానే కంపెనీ మారే వీలు ఇచ్చింది, 2021 మార్చి నుంచి కనీస జీతం నెలకు 1000 రియాళ్లు చేసింది. నాకు కోపం తెప్పించేది మనవాళ్లు చేసిన పని. 2020 సెప్టెంబర్‌లో మన కేంద్రమే గల్ఫ్‌కి వెళ్లేవాళ్ల కనీస జీతాలు తగ్గించింది. తెలంగాణ గల్ఫ్ సంఘాలవాళ్లు హైకోర్టుకు ఎక్కాక, 2021 జులైలో గానీ వెనక్కి తీసుకోలేదు. పంపించే దేశమే మన మనుషులకి ధర తగ్గిస్తే తీసుకునే దేశం ఎందుకు ఎక్కువిస్తుంది?

మెట్‌పల్లి_టీచర్:
అన్నా, ఆ గొడవ చేసినాయన మాటలో కొంత నిజం ఉంది, కాకపోతే నష్టపోయింది ఆయన కాదు. నాట్లు మొదటి నుంచి ఆడవాళ్ల పని. ఇప్పుడు బయటి నుంచి వచ్చిన మగవాళ్ల గుంపు ఎకరాకు ఇంత అని గుత్తకు మాట్లాడుకుని తొందరగా వేసి వెళ్తున్నారు. రైతుకు నీళ్లున్నప్పుడే నాటు పడాలి, ఆయన్నీ తప్పుపట్టలేం. మరి ఆ ఆడవాళ్లకి ఆ నాలుగు వారాల కూలి ఎవరిస్తారు? దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇక గల్ఫ్ డబ్బు. లక్షన్నర అప్పుకి నూటికి మూడు మిత్తి అంటే నెలకు 4,500, ఏడాదికి 54,000 మిత్తికే పోతాయి. మొదటి ఏళ్లు అసలు, మిత్తి కట్టడానికే సరిపోతాయి. తర్వాత ఇల్లు, ఆడపిల్ల పెళ్లి. వీటిని నేను తప్పనను, మనిషి బతకడానికి కావాల్సినవే. కానీ ఆ డబ్బుతో ఊళ్లో నలుగురికి పని దొరికే పనేదీ మొదలవట్లేదు, భూమి రేటు మాత్రం పెరిగింది, అందుకే తర్వాతి పిల్లాడు కూడా పాస్‌పోర్ట్ తీస్తాడు. నా క్లాసులో తండ్రిని వీడియో కాల్‌లోనే చూసే పిల్లలు ఉన్నారు. వాళ్ల తల్లులే పొలం, బ్యాంకు, ఆసుపత్రి అన్నీ ఒంటిచేత్తో చూసుకుంటున్నారు.

సైట్_ఇంజనీర్_హైదరాబాద్:
ఇటు వైపు సంగతి నేను చెప్తా. 2020 మే 1న లాక్‌డౌన్‌లో వలస కూలీలను సొంతూళ్లకి చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది మన హైదరాబాద్ లింగంపల్లి నుంచే కదిలింది, జార్ఖండ్‌లోని హటియాకి. అందులో ఎక్కువమంది మన దగ్గర బిల్డింగ్ పనిచేస్తున్నవాళ్లే. వాళ్లు వెళ్లిపోయాక వడ్ల కొనుగోళ్లు ముందరేసుకుని మిల్లులవాళ్లు తలపట్టుకుంటే, కొన్ని రోజులకే బిహార్‌లోని ఖగడియా నుంచి హమాలీలను రైల్లో తెప్పించారు. మనం వాళ్ల మీద ఎంత ఆధారపడ్డామో అప్పుడు అందరికీ కనిపించింది. గల్ఫ్‌లో మనవాళ్లకి జరుగుతోందని దోహా అన్న చెప్పినదంతా హైదరాబాద్ ఇక్కడికొచ్చిన వాళ్లకి చేస్తోంది. రేకుల షెడ్లు, ఓటు ఒక చోట, పని ఒక చోట, పిల్లలకి తెలియని భాషలో బడి. రేషన్ విషయంలో కొంత నయం, వేరే రాష్ట్రం కార్డు చెల్లడం 2019 ఆగస్టులో మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్య, అటు గుజరాత్, మహారాష్ట్రల మధ్య మొదలైంది. దుబాయ్‌లో మనవాడికి న్యాయం అడిగేవాళ్లు మన సైట్‌లో ఒడిశావాడికి కూడా అడగాలి, నా అభిప్రాయం ఇదే.

కోరుట్ల_రైతుబిడ్డ:
అందరికీ థ్యాంక్స్. టీచరమ్మా, ఆడవాళ్ల నాట్ల సంగతి నేను అస్సలు ఆలోచించలేదు, మా అమ్మ కూడా ఇప్పుడు నాట్లకి పోవట్లేదు, పిలిచేవాళ్లే లేరు. తమ్ముడు మాత్రం ఆగేలా లేడు. విజిట్ వీసా మీద పంపి అక్కడ ఉద్యోగ వీసాకి మారుస్తానంటున్నాడట ఏజెంట్.

దోహా_షట్టరింగ్:
విజిట్ వీసా అంటే అక్కడికక్కడే వద్దని చెప్పు. వీసా అయిపోతే ఖల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి, అయిపోతాడు, జీతం ఎగ్గొట్టినా అడిగే దారి ఉండదు. పదో తరగతి లేదు కాబట్టి ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్ట్ వస్తుంది, దాని మీద గల్ఫ్‌కి ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే మన ప్రభుత్వ అనుమతి, తప్పనిసరి, విజిట్ వీసా అనేది అది తప్పించడానికే. ఏజెంట్ లైసెన్స్ నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. లైసెన్స్ ఉన్న ఏజెంట్ అయినా తన ఫీజు కింద 30,000, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకి 275 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకి 10 లక్షలు వస్తాయి, ఆ కాగితం జిరాక్స్ ఇంట్లో పెట్టి వెళ్లమను. ఒక్క ఏడాది ఆగగలిగితే ఎలక్ట్రికల్ పనో ఏసీ పనో నేర్చుకుని వెళ్లమను, హెల్పర్ జీతానికి దానికి చాలా తేడా ఉంటుంది. వాడు మాట్లాడతానంటే నాకు మెసేజ్ పెట్టమను, రాత్రి ఎనిమిది తర్వాత ఖాళీగానే ఉంటా.