మిషన్‌కి వెళ్తే నిజంగా దేవుడికి దగ్గరవుతామా, టైంటేబుల్‌కి అలవాటు పడతామా?

విజ్జి_అక్క:
మాది మార్మన్ చర్చి, అదే ఎల్‌డీఎస్. మా తమ్ముడికి 19, వచ్చే నెల మిషన్‌కి, అంటే ఇల్లొదిలి వేరే ఊళ్ళో చర్చి తరఫున మతప్రచారానికి, వెళ్తున్నాడు, రెండేళ్ళు. వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళూ సాక్ష్యం చెప్పేటప్పుడు "దేవుడికి దగ్గరయ్యాను" అంటారు, ఎలా అని అడిగితే మాత్రం నవ్వి ఊరుకుంటారు. అసలు అక్కడ ఏం జరుగుతుంది?

గోదారి_ఎల్డర్:
నేను 2009లో వెళ్ళానమ్మా. ఢిల్లీ మిషన్‌లో వేశారు, నాకు హిందీలో వచ్చినవి నమస్తే, కిత్నా, అంతే. పొద్దున్న 6:30కి లేవాలి, రాత్రి 10:30కి లైట్లు తీసెయ్యాలి, ఎటెళ్ళినా కంపానియన్, అంటే జతగా వేసిన తోటి మిషనరీ, పక్కనే ఉండాలి. ఇంటికి ఫోన్ ఏడాదికి రెండేసార్లు, క్రిస్మస్‌కొకటి మదర్స్ డేకొకటి. మిగతా రోజుల్లో అమ్మ గుర్తొస్తే ఎవరికి చెప్పుకుంటాం? బాత్రూంలో బకెట్ బోర్లించి దానిమీద కూర్చుని, కంపానియన్‌కి వినపడకుండా కుళాయి తిప్పేసి ఏడుస్తూ ప్రార్థన చేసేవాణ్ణి. నాకు దేవుడు దొరికింది ఆ బకెట్ మీదేనండి. 2019 ఫిబ్రవరిలో రూల్ మార్చి వారం వారం ఇంటికి ఫోన్ చేసుకోమన్నారు, వీడియో కాల్ కూడా. సగం మిషన్ అక్కడే పోయింది.

చాయ్_బిస్కట్:
బకెట్ రంగేంటన్నా 😄

ఉప్పల్_పోరడు:
వారానికోసారి అమ్మతోని మాట్లాడితే దేవుడు అలిగి పోతడా అన్నా? ఇదేం లెక్క?

గోదారి_ఎల్డర్:
అలగడు తమ్ముడూ. కానీ పక్కన ఊతకర్ర ఉన్నంతసేపూ ఎవడూ సొంతంగా నడవడు. సోమవారం కాల్ ఉందంటే బుధవారం కష్టమొచ్చినా "సోమవారం అమ్మకి చెప్దాంలే" అనుకుంటాడు, మోకాళ్ళూనడు.

ఉప్పల్_పోరడు:
నువ్వు మోకాళ్ళూనింది ఫోన్ లేక, భక్తి ఉండి కాదు. నీ మాటే నీకు అడ్డమొస్తుంది చూసుకో.

బాప్టిస్టు_బాబాయ్:
కాల్స్ సంగతి తర్వాత. 1830లో అచ్చయిన బుక్ ఆఫ్ మార్మన్‌ని బైబిల్ పక్కన పెట్టుకుని, మీ చర్చి పెట్టిన జోసెఫ్ స్మిత్‌ని ప్రవక్త అంటూ, మీరు దగ్గరవుతున్నది ఏ దేవుడికి? ముందు అది తేల్చండి.

సిస్టర్_కె:
బాబాయ్ గారూ, ఆ పుస్తకాన్ని తెలుగులోకి తెచ్చింది బాప్టిస్టు పాస్టరే, తెలుసా? 1978 డిసెంబర్‌లో మా చర్చి తరఫున సమోవా నుంచి హైదరాబాద్ వచ్చి 22 మందికి, దాదాపు అందరూ బంధువులే, బాప్తిస్మం ఇచ్చిన ధర్మరాజు దంపతులున్నారు కదా, అందులో ఎల్సీ గారి నాన్నగారే ఆయన.

ఇక విజ్జీ నీ ప్రశ్న. నేను 18 నెలలు చేశాను. నాకు బకెట్ మీదా దొరకలేదు, ఫోన్ లేకపోవడం వల్లా దొరకలేదు. ఒక ఆంటీ ఇంటికి పాఠం చెప్పడానికి వెళ్తే చిక్కుడుకాయలు ముందు పోసి ఈనెలు తియ్యమనేది, పాఠం సంగతి ఆ తర్వాతే. మూడు వారాలు అదే పని. కొడుకు తాగుడు గురించి చెప్తా ఉండేది. నేను అప్పటిదాకా ప్రార్థన అంటే నా పరీక్షలు, నా జలుబు, నా వీసా. రాత్రి మొదటిసారి నాకేమీ కాని ఒకబ్బాయి పేరు పెట్టి ఏడ్చాను. మళ్ళీ ప్రార్థన పాతలా అవ్వలేదు. ఆంటీ బాప్తిస్మం తీసుకోలేదు, మా రిపోర్టులో ఆ మూడు వారాలూ దండగే.

గోదారి_ఎల్డర్:
సిస్టర్ చెప్పింది బాగుంది కానీ అసలు పాయింట్ వదిలేశారు. ఇప్పటి పిల్లలు కష్టం తట్టుకోలేక మధ్యలోనే తిరిగొచ్చేస్తున్నారంటే కారణం ఆ కాల్సే. అమ్మ గొంతు వినగానే బ్యాగ్ సర్దేస్తారు.

ఉప్పల్_పోరడు:
ఆగు. ఆ మధ్యల వచ్చినోణ్ణి నేనే. 2017, ఏడు నెలలకే. అప్పుడు నీ వీక్లీ కాల్స్ లేవు. నిద్ర పట్టకపోతుండె, 6:30కి లేవలేకపోతే దేవునికి కోపమొచ్చిందని రోజంతా భయం, ఇంకో రూల్ గట్టిగ పట్టుకుంట, గది గూడ తప్పుత. మా మీద పెద్ద, మిషన్ ప్రెసిడెంట్, మంచోడు, డాక్టర్‌కి చూపించి పంపిండు. ఇంటికొచ్చినంక ఆదివారం చర్చిల ఒక్కరన్న "ఎట్లున్నవ్‌రా" అనలె, ఏం తప్పు చేసి వచ్చిండో అన్నట్టు చూసిన్రు. మా నాయిన నా మిషనరీ పేరున్న నల్ల బ్యాడ్జి బీరువల పెట్టి తాళమేసిండు, ఇప్పటికీ తియ్యలె. నువ్వు కుళాయి తిప్పి ఏడ్చినవ్ గదా, నేను గూడ గట్లనే కుళాయి తిప్పి ఏడ్చిన. నాకు ఎవ్వరు రాలె.

చాయ్_బిస్కట్:
సారీ బ్రో. పైన జోక్ వేసినందుకు.

గోదారి_ఎల్డర్:
నీకు రాలేదని నాకు వచ్చింది అబద్ధమా?

ఉప్పల్_పోరడు:
నేను గట్లన్ననా? నీకు వచ్చిందని నాకు గూడ రావాల్సిందేనని, రాలేదంటే తప్పు నాదేనని మీరంత అంటున్నరు. గదీ నా కొట్లాట. కాల్స్ గురించి కాదు.

సిస్టర్_కె:
రూల్ పాటిస్తే దేవుడు బాకీ తీర్చినట్టు వస్తాడని మాకు కూడా అలాగే చెప్పేవాళ్ళు. నేనూ పొద్దున 6:35కి లేచిన రోజు ఎవరైనా తలుపు తియ్యకపోతే అందుకేనేమో అనుకునేదాన్ని.

గోదారి_ఎల్డర్:
పొద్దుట్నుంచీ టైప్ చేస్తున్నాను, చెరిపేస్తున్నాను. మా అమ్మ నేను అక్కడుండగానే పోయిందండి. మదర్స్ డేకి మాట్లాడిందే ఆఖరు, అందులో సగం సేపు సిగ్నల్ లేదు, "అన్నం తింటున్నావా" ఒకటే గట్టిగా వినపడింది. ఆ రూల్ అవసరమే లేదని, ఒక ఉత్తరంతో తీసెయ్యచ్చని పదేళ్ళకి తెలిస్తే నేనెలా ఒప్పుకుంటాను? అది దేవుడికోసమే అయ్యుండాలి. లేకపోతే నాకు మిగిలేది ఆ బకెట్టే.

ఉప్పల్_పోరడు:
అన్నా... గిది ముందే చెప్పొచ్చు గదనే.
కానీ మధ్యల వచ్చినోళ్ళ గురించి నువ్వన్నదానికి నేనింక ఒప్పుకోను.

గోదారి_ఎల్డర్:
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. మధ్యలో వచ్చినవాళ్ళ గురించి అన్నదే, కాల్స్ గురించి అన్నది కాదు.

విజ్జి_అక్క:
తమ్ముడు ఇదంతా పైనుంచి కిందదాకా చదివాడు. ఏం మాట్లాడలేదు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తూ కాలర్ కాల్చేశాడు. ఉప్పల్ అన్న నంబర్ ఇస్తాడా, మాట్లాడాలి అంటున్నాడు.

ఉప్పల్_పోరడు:
మెసేజ్ చెయ్యమను. రాత్రి 10:30 దాటినా ఏం కాదు.

బాప్టిస్టు_బాబాయ్:
నా ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.